నురగ కోసం

ముమ్మిడివరంలో రొయ్యల చెరువు నీళ్ళకు
ఉప్పెంత, ఆక్సిజనెంత అని చీటీ రాసేదాన్ని నేను.
మొన్న నా రక్తం చూసి కాకినాడ డాక్టరమ్మ చీటీ రాసింది:
గోధుమ వద్దు. రవ్వ వద్దు. బార్లీ అసలే వద్దు.

గోధుమకి నేనేం ఏడవలేదు.
మాది మూడు పూటలా వరి.
ఉప్మా ఇక ఇంట్లో ఉండదంటే
తాతాజీ పండగ చేసుకున్నాడు.
"మరి శనివారం?" అన్నాడు ఆనక,
మంచం కింద ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి.

శనివారమంటే డాబా మీద రెండు స్టీలు గ్లాసులు,
ఒక్క బీరు సీసా,
ఐసు వ్యాను తోలి మొద్దుబారిన అతని వేళ్ళు,
ఎంత రుద్దినా చెరువు వాసన వదలని నా వేళ్ళు.
కింద వాటావాళ్ళకు అది మజ్జిగ.
పదకొండేళ్ళలో మేం నిజంగా మాట్లాడుకున్నదంతా
ఆ ఒక్క సీసా ఖర్చులోనే.

సరే, ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయాం.
మాస్కు పెట్టుకుని సీసా సీసా తిప్పి చదివాను.
వెనకాల ఇంత చిన్న అక్షరాలుంటాయని
తాగేవాళ్ళకెవరికీ తెలీదు.
బార్లీ. బార్లీ మాల్టు. గోధుమా బార్లీ.
'బియ్యంతో చేసింది' అని గొప్పగా రాసుకున్నదాంట్లోనూ
కిందవరసలో దొంగలా నక్కిన బార్లీ.
"అది లేందేదైనా ఉందా బాబూ?"
కొట్టు కుర్రాడు నిజంగానే ఆలోచించి,
"సోడా ఉందండి" అన్నాడు.

పైఅరలో దుమ్ముపట్టిన ఆపిల్ సైడరు ఒకటి తెచ్చాం.
దగ్గుమందుకి పెళ్ళిబట్టలేసినట్టుంది.
జొన్న బీరని హైదరాబాదు నుంచి ఎవరో పంపిన డబ్బా
దారిలోనే వేడెక్కి, మూత తీస్తే
నిట్టూర్చి ఊరుకుంది.
సుగంధి సోడా బాగుంది గానీ
అది తాగి ఎవరూ నిజాలు చెప్పరు.

చోళ్ళు మొలకెత్తించి నేనే మొదలెట్టాను,
ల్యాబు థర్మామీటరుతో, ల్యాబు కాగితాలతో.
నాలుగో రాత్రి జాడీ పేలింది.
వంటింటి గోడ మీద ఇప్పటికీ ఆ మరక
లంకల మ్యాపులా ఉంది. అతను తుడవనివ్వడు.

ఓ తెల్లారుజామున
కాట్రేనికోన గట్టు మీద వ్యాను ఆపి,
గుత్తుల సింహాద్రి తాటిచెట్టు దిగేదాకా నిలబడ్డాడట.
"ఇంటావిడకాండీ?"
"ఆయ్."
ఇంకేం అడగలేదట. లొట్టిలోంచి వడగట్టి,
తప్పించుకున్న ఈగనొకదాన్ని వేలితో తీసి, పోశాడట.

ఐసులో, పండుగప్పల మధ్య దాచి తెచ్చిన ఆ కల్లు
సాయంత్రానికి పులిసి, కాస్త నీచు వాసనేసి,
స్టీలు గ్లాసు అంచుదాకా నురగెక్కింది.

బీరులా లేదు.
అబద్ధమెందుకు, బీరులా లేనే లేదు.
గొంతులో గీత గీసుకుంటూ దిగే ఆ చల్లటి చేదు
ఇక నాకు రాదు.
ఇది పుల్లగా ముక్కుదాకా వచ్చి,
ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోతుంది.
అలవాటు పడటానికి మూడు గుక్కలు పట్టింది.
నాలుగోది ఎందుకు తాగానో అడక్కండి.

రెండో గ్లాసులో తాతాజీ
వ్యాను మీద అప్పు సంగతి చెప్పాడు.
ఆరు వాయిదాలు దాచాడు.
ముందు మీసం మీద నురగ తుడుచుకోమన్నాను.
తర్వాత చీటీ వెనక లెక్క మొదలెట్టాం:
వడ్డీ ఎంత, నా గాజులు ఎంత,
వానలు పడితే సింహాద్రి చెట్టెక్కడు కదా,
అప్పుడేం తాగుతాం.