గడి లేని చప్పుడు

జడ్చర్ల ఫ్లైఓవర్ పక్కన షెడ్డుల
పన్నెండేండ్లు బండ్ల కింద ఎల్లకిల పండుకున్న.
ఇప్పుడు కుర్చీల కూసుంటున్న.
తెల్లంగి, మెడల తాడు,
తాడుకు నా ఫోటో: ఎవరో నవ్వమంటే నవ్విన మొఖం.

కిరసనాయిలుతోని రుద్దిన,
నిమ్మచెక్కతోని, సర్ఫుతోని.
గోర్ల సందున నలుపు మాత్రం
ఇంకా రాజీనామా పెట్టలే.

కల్వకుర్తి నుంచి ఒకాయన వచ్చిండు.
"మలుపుల కాడ కిర్రుమంటది సారూ."
సారూ అంటే ఎనక్కి తిరిగి చూసిన.
ఎవ్వరు లేరు.

ఆ కిర్రు నాకెరుకే,
ముందర ఎడమ చక్రం, బేరింగు.
ఖాదర్ ఉస్తాద్ ఉంటే
పేరు అడగకముందే పానా అందుకుంటుండె.
ఈడ కంప్యూటర్ల
ఊరికి గడి ఉంది, ఫోన్ నంబర్‌కు ఉంది,
పుట్టినరోజుకు గుడ ఉంది.
చప్పుడుకు లేదు.
"జనరల్ చెకప్" అని కొట్టిన.

అద్దం అవుతల కొత్త పోరడు
కుడి చక్రం ఇప్పుతున్నడు.
అద్దం మీద తట్టి
ఎడమ చెయ్యి లేపి చూపిన.
వాడు నాకు ఎదురుంగ నిలబడ్డడు కద,
నా ఎడమ వానికి కుడి.
సరే అన్నా అని తలూపి
మల్ల అదే చక్రం కాడ కూసున్నడు.