ఎండ రాకముందే

నవంబరు చివర సూర్యుడు సెలవు తీసుకున్నాక
ట్రోమ్సోలో తెలివైనవాడెవడూ ఇల్లు అమ్మకానికి పెట్టడు.
కిటికీలోంచి ఏం చూపిస్తాం?
కింద సముద్రపాయ ఉందని నోటితో చెప్పాలి,
అవతల కొండలున్నాయని ఒట్టు వేయాలి.

"మార్చి దాకా ఆగుదాం ఐవోర్," అన్నాడు టూర్లైఫ్.
"వెలుగొస్తే మనం నోరు విప్పక్కర్లేదు,
ఆ నీళ్ళే బేరమాడిపెడతాయి."
నిజమే.
కానీ వంతెన అవతల ట్రోమ్స్‌దాలెన్‌లో
మెట్లు లేని ఇల్లు మార్చి దాకా ఆగదు.
నా మోకాలూ ఆగదు.
ఇక్కడ వీధి నుంచి గుమ్మానికి ముప్పై ఏడు మెట్లు,
మంచు పడ్డ రోజు
ఒక్కొక్కటీ ఒక్కో ముహూర్తం అడుగుతుంది.

బ్యాంకులో హల్‌వార్ అనే కుర్రాడు
కాగితం మీద రెండు గళ్ళు గీశాడు.
ముందు అమ్మితే, మధ్యలో తల ఎక్కడ దాచుకుంటారు?
ముందు కొంటే, రెండు అప్పులు ఎన్నాళ్ళు మోస్తారు?
గడికీ గడికీ మధ్య సన్నని తెల్ల జాగా.
ఆ చలికాలం మేం కాపురమున్నది అందులోనే.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు.
ఇరవై ఆరేళ్ళు ఫెర్రీలో తాళ్ళు విసిరినదాన్ని,
నాకు చెప్పకండి.
పడవలో ఒక కాలు, రేవు మీద ఒక కాలు
పెట్టకుండా ఎవరూ ఏ ఒడ్డూ దిగలేదు.
పెట్టడం కాదు తప్పు,
ఎంతసేపు ఉంచామన్నదే లెక్క.

ముందు కొన్నాం.
గడువు పన్నెండున్నరకి.
పన్నెండూ ఇరవయ్యారుకి నేను చేపల కొట్లో ఉన్నాను.
తడి బొటనవేలు జారి
ఒక సున్నా ఎక్కువ పడుతుందేమోనని
కొట్టువాడి గుడ్డ అడిగి తుడుచుకుని నొక్కాను.
జీవితంలోకెల్లా పెద్ద కొనుగోలుకి
కాడ్ చేప వాసన.

డిసెంబరంతా రెండు వాకిళ్ళ మంచు ఎత్తాం.
కెటిల్ అక్కడ, కప్పులు ఇక్కడ,
ఉప్పు ఎక్కడుందో ఇద్దరికీ తెలీదు.
వడ్డీకి మాత్రం రెండు చిరునామాలూ కంఠతా.
తొందరపడ్డామని టూర్లైఫ్ ఒక్కసారీ అనలేదు.
పార గోడకి ఆనించే చప్పుడులో అన్నాడు.

ఇల్లు చూపించే రోజు
ఉన్న దీపాలన్నీ వెలిగించమంది ఏజెంటు.
ఏలకుల బన్నులు కాల్చాను.
నలుగురొచ్చారు.
ముగ్గురు వంటింటి కిటికీ దగ్గరికెళ్ళి
చీకటద్దంలో తమ మొహాలే చూసుకుని
బన్ను తిని వెళ్ళిపోయారు.

నాలుగో మనిషి రిస్టెన్,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు.
కిటికీ వైపు తిరగనే లేదు.
కప్పు మీది మంచు ఏ వైపు జారుతుందని అడిగింది.
పక్కింటి కుక్క మొరుగుతుందా అని అడిగింది.
పడకగదిలో మధ్యాహ్నం చీకటిగా ఉంటుందా?
"ఇప్పుడా? ఉంటుంది," అన్నాను.
"మే నెలలో?"
పొద్దు వాలని వేసవుల కోసం
నల్లగుడ్డ తగిలించే కొక్కేలు చూపించాను.
వాటిని వేలితో లాగి చూసి, తల ఊపింది.

మేం అడిగిందానికన్నా తక్కువకే పోయింది.
"అదే మార్చి అయితే..." అంటాడు టూర్లైఫ్
ఇప్పటికీ, బూట్లు విప్పుతూ.
ఆ లెక్క ఎప్పుడూ పూర్తి చేయడు.

జనవరిలో ఎండ తిరిగొచ్చింది.
మాకు కాదు.
కొండ కింద ఉన్నాం, మా వంతుకింకా వారాలు పడుతుందట.
కొనేటప్పుడు అది అడగాలని తోచలేదు.
వాకిట్లో నిలబడి నీళ్ళ అవతల చూశాం.
ఆ వాలు మీద, అన్ని కప్పుల నడుమ,
మా వంటింటి కిటికీ భగ్గుమంది.

నాలుగు నిమిషాలు, అన్నాడు వాచీ చూసుకుని.
లోపల రిస్టెన్ నిద్రలో ఉండి ఉంటుంది,
కొక్కేలకి గుడ్డ తగిలించుకుని.

అక్కడే నిలబడ్డాం, అది ఆరేదాకా.
తర్వాత అతను పార తీశాడు.
ఒక్క వాకిలే.
పావుగంటలో అయిపోయింది.
ఇంకేం చేయాలో తోచక
ఇద్దరం కాసేపు పక్కింటివాళ్ళది ఎత్తాం.