పలకని ఫోర్కు

బ్లైనై ఫెస్టినియోగ్‌లో వాన ఆగలేదు,
సన్నబడిందంతే.
సగమెత్తిన షట్టరు కిందనుంచి వంగి వచ్చింది మెరెరిడ్,
ఉత్తరాలు పంచే ఎర్రకోటుతోనే,
సైకిల్ని చెవి పట్టుకుని లాక్కొచ్చినట్టు.

"ఫోర్కు బాగానే ఉంది, ఊరికే చూడు."
బాగానే ఉన్నవాటిని ఎవరూ వానలో మోసుకురారు.

గాలి ఎంతుందో పలకరాయి గోడ మీద
బలపంతో రాసుకున్నాను: డెబ్బై రెండు.
వదిలేశాను. బుస్సుమంది.
అడుగు నట్లు నాలుగు చుట్లు విప్పి
రబ్బరు సుత్తితో ఒక్కటి. మెల్లగా. ఇంకొక్కటి.
కింది కాళ్ళు జారి ఊడొస్తుంటే
ట్రేలోకి తేనెరంగు నూనె కారాలి.
నాలుగు చుక్కలు పడ్డాయి,
తడిపలక తుడిచిన గుడ్డ రంగులో.

పలకంటే నాకు
చెక్క చట్రంలో ఇమిడే చదరపు చీకటి,
'ఋ' కుదరక ఎంగిలితో చెరిపిన చోటు.
ఇక్కడ కొండంతా పలకే.
మూతపడ్డ క్వారీల రజను
ప్రతి దారిలోనూ, ప్రతి సీలు పెదవి కిందా
తన రాత తాను దిద్దుకుంటూ పోతుంది.

గొట్టం మీద బొటనవేలి గోరు నడిపాను.
కంటికి దొరకనిది గోరుకు తగిలింది,
కుడికాలి మీద, బియ్యపుగింజ పొడవున.

"ఎన్నాళ్ళైంది విప్పి?"
"విప్పాలా?"
కొన్నాక ఐదు చలికాలాలట.
"ఏనాడూ కిర్రుమనలేదే!"

అనదు.
గొలుసు అరుస్తుంది, బ్రేకు ఏడుస్తుంది,
ఫోర్కు మాత్రం పలకదు.
రోజుకో వెంట్రుకవాసి బిగుసుకుంటూ
తను మింగాల్సిన రాళ్ళని
ఒక్కొక్కటే మణికట్లకు పంపిస్తుంది.

అప్పుడు చూసుకుంది చేతులవైపు.
కోటు అంచు కింద పట్టీలు, రెండింటికీ.
"డాక్టరు వయసన్నాడు."
తర్వాత వెల్ష్‌లో ఏదో అంది,
డాక్టర్నో, ఫోర్కునో, నన్నో.

గీత పూడ్చడానికి తన సంచిలోంచి గోళ్ళరంగు తీసిచ్చింది.
ఎర్రది. రంగులేనిది లేదట.
ఆరాక నున్నకాగితంతో రుద్దాను.
స్పాంజి రింగులు నూనెలో నాని ఉబ్బాయి.
కొత్త సీళ్ళు, పెదవి మడతపడకుండా,
మొరాయించే పిల్లాడికి చొక్కా తొడిగినట్టు.
కాలికి పది మిల్లీలీటర్లు.
ఎక్కువ పోస్తే మంచిదనుకుంటారు. కాదు.

మళ్ళీ డెబ్బై రెండు.
హ్యాండిలు మీద బరువేసింది.
దిగింది. లేచింది. చప్పుడు లేదు.
ఇంకోసారి నొక్కింది.
డబ్బులిచ్చాక కూడా ఇంకోసారి.

"యాభై గంటలకోసారి తీసుకురా" అన్నాను.
పెద్దగా నవ్వి వానలోకి వెళ్ళిపోయింది.
రాదు, నాకు తెలుసు.
గోడ మీది అంకె చెరపబోయి,
వేలు తడిచేసుకుని,
ఆగాను.