పారగాన్

గుణుపురం ట్యూషన్‌లో పట్నాయక్ సారు
బోర్డు మీద రెండు మాటలు రాశాడు.

ఎపిటమీ అంటే
మంచికో చెడ్డకో, దేనికైనా సరే, అచ్చుగుద్దిన బొమ్మ.
పారగాన్ అంటే మచ్చలేనిదట.

నేను గుమ్మం వైపు చూశాను.
పట్టీ ఊడిన పారగాన్ చెప్పు
పిన్నీసు మీద బతుకుతోంది.

మా నాన్న బెవర గవరయ్య
వంశధార ఇసుక లారీల దగ్గర
ఒడియాలో బేరమాడతాడు, తెలుగులో తిడతాడు,
అప్పులోడికి రెండిట్లోనూ రేపంటాడు.
మచ్చలా?
మొదలెడితే ట్యూషన్ అయిపోద్ది.

ఆ జోడు ఆయనదే.
పొద్దున్న వానలో నా ముందుకు తన్ని
ఉత్తకాళ్లతో లోడింగుకెళ్లాడు.

"ఏరా, తేడా తెల్సిందా?"
"సగం, సార్."

పెద్ద చెప్పుల్లో
వేళ్లు ముడుచుకుని
ఇంటికి నడిచాను.