ఆఖరు చుట్టు

మింట్ కాంపౌండ్ల కరెంటాఫీసు, మీటర్ల సెక్షను.
అనంతశయనం ముదలియారు కుర్చీకి
నాలుగో కాలు కింద మడిచిపెట్టిన అట్టముక్క.
ఊగే కుర్చీల ఊగకుండ కూసునుడు
అక్కడనే నేర్చిండని మా నవ్వులాట.

ఫిబ్రవరి వస్తే సెలవు చీటీ నేనే టైపు కొట్టేదాన్ని.
ఒక ఏడు కడుపునొప్పి, ఒక ఏడు తమ్ముని పెండ్లి,
మూడో ఏడు మళ్ల అదే తమ్ముని పెండ్లి.
సూపరింటెండెంటు కళ్లద్దాల మీదికెల్లి చూసి
"ఈసారన్న గెలుస్తడా?" అని
సంతకం పెట్టిండు.

కారు పుట్టింది రాణిగంజుల.
పాత ఫియట్ అడుగు, అల్వాల్ల తుక్కుకు పోతున్న ఇంజను,
తలుపులు లేని రేకుల ఒళ్లు.
రేకు సాపు చేసింది కంచరి వీరేశం.
"బిందె సొట్టయినా బండి సొట్టయినా
లోపలికెల్లి కొట్టాలమ్మా" అనేటోడు.
రంగు మాత్రం సర్కారుది,
ట్రాన్స్‌ఫార్మర్లకు పూసినంక డబ్బా అడుగున మిగిలిన బూడిద.

టాంక్‌బండ్ మీద తెల్లారుజాము నాలుగింటికి
పాల సైకిళ్లు రాకముందే ఒక ఉరుకు.
నీళ్లల్ల బుద్ధుడింక నిలబడని రోజులు.
నేను ఈ కొసకు శాలువ కప్పుకొని,
చేతిల మా నాయిన డ్రిల్లు మాస్టరు స్టాప్‌వాచీ.
నలుగురు నాలుగు మాటలన్నరు.
ఆయన భార్య రాజ్యలక్ష్మి ఒక్కటే మాటన్నది:
"ముల్లు చూసేదానికి మొగుణ్ని చూసే తీరికేడిది?"

మద్రాసు దాపుల పాత విమానాల పట్టీ.
కారును లారీకెక్కించి రెండు రాత్రుల తొవ్వ.
మొదటేడు పదకొండు మందిల పదకొండోడు.
రెండో ఏడు గడ్డిమోపుల్లకు జొరబడ్డది,
బయటికి గుంజితే మూతి నిండ గడ్డి, అచ్చం ఎద్దు లెక్క.
మూడో ఏడు గెలిచిండు. నాలుగో ఏడు, ఆరో ఏడు గూడ.
అయిదో ఏడు టైర్ల పైసలు
బిడ్డ స్కూలు ఫీజుకు పోయినయి.

పక్క డేరాల తెల్లకోట్ల మెకానిక్కులు,
గొడుగు పట్టేందుకు ఇద్దరు పిల్లగాండ్లు.
మా డేరాల వీరేశం, పానాల సంచి, పులిహోర గిన్నె.
మైకుల పేరు చదివి "అమెచూర్" అన్నరు.
అంటే ఏంది సార్ అన్న.
"జీతం రాదు, సెలవు పోతది. అంతే."

గెలిచిన కప్పుకు మూత ఉండె.
రాజ్యలక్ష్మి అండ్ల మెంతులు పోసింది.
మూతి ఇరుకు, చెయ్యి పట్టదు, వంచి తట్టాలె.
ఆ ఇంట్ల పులుసు ఏండ్లకేండ్లు జర చేదే.

డెబ్బై తొమ్మిదిల నాలుగోడుగ వచ్చిండు.
హెల్మెట్ తీసి, మెడ తుడుసుకొని, "చాలు" అన్నడు.
మూల మీద భయమైందా,
కంటికి గీత మసకైందా,
ఎవ్వరం అడగలే. ఇప్పటికీ అడగలే.

ఆ గడబిడల వాచీ ఆపుడు మరిచిన.
నెల్లూరు దాటినంక, లారీ గేరు మార్చే సందుల
నా సంచిలకెల్లి టిక్కు టిక్కు.
ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టిండు.
"ఉండనీ. ఇంక ఇల్లు చేరలే గద."
ఒంగోలు కాడ చావి అయిపోయి అదే ఆగింది,
పదకొండు నిమిషాల నలభై సెకన్ల మీద.
ముప్పైకోసారి మొదటికొచ్చే ముల్లు
ఎన్నిమాట్ల తిరిగిందో లెక్క లేదు.

కారును వీరేశం కొడుకే తూకానికి అమ్మిండు.
మంచి రేటే వచ్చిందట.

ఇప్పుడు పొద్దుగాల సంజీవయ్య పార్కుల
చేతికర్ర పట్టుకొని ముదలియారు నడుస్తడు.
అందరు బాట నడిమిట్ల పోతరు.
ఆయనొక్కడు
మూలకు ముందు దూరం జరుగుతడు,
మూల కొసను కర్రతోని ముట్టుకుంటడు,
మళ్ల బయటి అంచుకు వదులుగ పోతడు.
వెనకనొచ్చే పెద్దమనుషులు
సక్కగ నడువరాదా అని గులుగుతరు.

బెంచీ మీద నేను.
వాచీ బీరువల ఉన్నది, చావి ఇయ్యలే.
ఆయన చింతచెట్టు దాటంగనే
కొంగు కింద నా బొటనవేలు
ఉట్టిగనే ఒత్తుకుంటది.