తోడు నెత్తురు

పొద్దున ఏడున్నరకు లక్డీకాపూల్‌లో
ఇరానీ హోటల్ షట్టర్ ఇంకా సగమే లేచి ఉంటుంది.
పైన రెండో అంతస్తులో నేను లేజర్ వెలిగించి
మిషన్‌కు ముందుగా పూసలు తాగిస్తాను.
నెత్తురు కాదు, పూసలు.
నిన్న ఎక్కడ వెలిగాయో ఇవ్వాళా అక్కడే వెలగాలి.
గీత దాటితే వోల్టేజి సర్ది, మళ్లీ పూసలు.

మోండా మార్కెట్‌లో మా తాతకు బియ్యం కొట్టు ఉండేది.
ఏటా తూనికల ఆఫీసరు వచ్చి
రాళ్లకు ముద్ర గుద్ది పోయేవాడట.
ముద్ర పడని రాయిని తాత
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాడు.

విఠల్‌కు పద్నాలుగు నెలలు.
చీము గడ్డలు మెడలో, చంకలో, ఇప్పుడు కాలేయంలో.
నారాయణఖేడ్ ఆస్పత్రి మంచం మీద, కదిలించే స్థితిలో లేడు.
సక్కుబాయి ఒక్కతే వచ్చింది,
పాలిథిన్ సంచిలో రెండు రిపోర్టులతో.
ఒకటి కొంచెం తక్కువంది.
ఇంకోటి బాగానే ఉందంది.
ఒకే పిల్లాడు, ఒకే వారం, ఒకే నగరం,
ఎవరి మానిక వారిది.
"గింత పెద్ద మిషన్లు గదా,
ఒక్క తీర్గ ఎందుకు చెప్పయక్కా?"
రెండూ అబద్ధమాడలేదని
ఆమెకు ఎట్లా చెప్పేది?

అందుకే కదా ఫర్హత్ మేడమ్ ఆర్నెల్లు
ఐదు ల్యాబుల చుట్టూ తిరిగింది.
అదే రంగు, అదే చుక్క, అదే గొట్టం,
ముప్పై ఏడు డిగ్రీల్లో అవే పదిహేను నిమిషాలు.
గచ్చిబౌలి వాళ్లు మాదే పద్ధతన్నారు.
మలక్‌పేట వాళ్లు ఫోనెత్తడం మానేశారు.
ఎన్ని చాయ్‌లకో పదకొండు పేజీలు మిగిలాయి.
ఆరో పేజీలో ఒక వాక్యం:
రోగి నెత్తురుతో పాటు, అదే గంటలో తీసిన
ఏ చుట్టరికమూ లేని మనిషి నెత్తురు
ఒక గొట్టం ప్రయాణం చేయాలి.

ఖేడ్ ఆస్పత్రి వాచ్‌మన్ మల్సూర్ చెయ్యి చాపాడు.
రెండు గొట్టాలూ థర్మాకోల్ డబ్బాలో
బస్సు డ్రైవరు సీటు వెనక కూర్చుని వచ్చాయి.
చల్లగా ఉండాలని దారిలో ఎవరో, పాపం, దయతో
ఐసు ముక్కలు నింపారు.

మంట రాజేసే మందు వేశాం.
మంచి తెల్లకణమైతే భగ్గుమని
ఆకుపచ్చగా, తెర మీద కుడిపక్క కొండెక్కాలి.
విఠల్‌వి ఎక్కలేదు. ఎడమనే ముడుచుకున్నాయి.
నా చెయ్యి రిపోర్టు మీదికి పోయింది.
అలవాటుగా మల్సూర్ గొట్టమూ పెట్టాను.

అవీ ఎక్కలేదు.

జలుబు కూడా ఎరగని ఒళ్లు అది.
దారిలో చచ్చినదాన్ని
జబ్బని రాయబోయాను.

కాగితం మీద ఒకే మాట రాశాం: మళ్లీ.
ఫోన్లో సక్కుబాయి తిట్టింది. తిట్టనిచ్చాను.

శుక్రవారం మూడు గొట్టాలు వచ్చాయి, ఐసు లేకుండా.
పటాన్‌చెరు ట్రాఫిక్‌లో గంటన్నర
మల్సూరే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట.
అతనిది భగ్గుమంది.
పిల్లాడిది లేదు.
తల్లిది
రెండు కొండలు, నడుమ లోయ.
సగం వెలుగు, సగం చీకటి,
ఒకే ఒంట్లో, పేచీ లేకుండా, ఇరవై నాలుగేళ్లు.

ఇప్పుడు జబ్బుకు పేరుంది.
రోజూ మింగే మందుంది.
మూలుగ ఇచ్చే మనిషిని వెతకాలి, అది ఇంకో బస్సు.
నెలాఖరుకు వచ్చిన సక్కుబాయి
తెర మీద తన రెండు కొండలనూ వేలితో తడిమింది.
"నాకెళ్లే అచ్చిందా గిది?"
పదకొండు పేజీల్లో దానికి జవాబు లేదు.
వెలిగే సగం కూడా నీదే అన్నాను.
చాలలేదు.

రిజిస్టర్‌లో తోడు నెత్తురుకు పేరుండదు,
అంకె మాత్రమే. పద్ధతి అది, నేనూ సంతకం పెట్టాను.
అయినా పక్కన పెన్సిల్‌తో రాశాను:
మల్సూర్, వాచ్‌మన్, ఖేడ్.
ఆడిట్ ముందురోజు మేడమ్ చూసింది.
రబ్బరు కోసం సొరుగంతా వెతికింది.
దొరకలేదంది.
అది ఆమె చేతి కిందే ఉంది.