పడుకునే వేళ

రాత్రి పదిన్నర దాటాకే మా ఉద్యోగం.
బెండమూర్లంకలో టీవీలు ఒక్కొక్కటే కళ్లు మూస్తుంటే
మేం తలుపులు కొడతాం.
"ఎవరండీ ఈ వేళప్పుడు?"
"ఫైలేరియా యూనిట్టండీ. వేలు ఇవ్వండి, ఒక్క చుక్క."

నిద్రకళ్లతో వేళ్లు చాపుతారు.
కొబ్బరిపీచు పేని పేని గరుకెక్కినవి,
గోరింట సగం చెరిగినవి,
అమ్మ చీరకొంగు వదలనన్న ఒక బుల్లి చిటికెనవేలు.
దూది, స్పిరిట్, సూది.
గాజుపలక మీద మూడు చారల నెత్తురు.

"పగలొస్తే ఏం పోయింది నాయనా?"
విసుక్కుంది కోటసత్తెమ్మగారు.
పగలు వాళ్లు దొరకరండీ, అన్నాను.
"ఎవరు?"
మీలో అద్దె కట్టకుండా కాపురముండేవాళ్లు.

తల్లిపురుగు ఎక్కడో గజ్జల లోపల
తెల్లటి దారప్పోగులా ఏళ్లతరబడి కదలదు.
దాని పిల్లలే తిరుగుబోతులు.
పగలంతా ఊపిరితిత్తుల సందుల్లో నక్కి,
ఒళ్లు నిద్రలోకి జారాక
చర్మం అంచుకి, సంతకొచ్చినట్టు వస్తాయి.
పీచు నానబెట్టిన గుంటలో పుట్టిన దోమ
రాత్రే కదా భోజనానికి కూచునేది!
ఆ వేళకి గుమ్మంలో లేని పిల్ల
దోమ కడుపులోకి చేరలేదు.
చేరనిదానికి వంశం లేదు.
ఎన్ని వేల ఏళ్లో,
ఆలస్యమైనవన్నీ రాలిపోతూ పోతూ
వేళెరిగినవే మిగిలాయి.
బడి లేదు, పంతులు లేడు.

అమలాపురంలో మర్నాడు
జీమ్సా రంగు పోసి, కడిగి, ఆరబెట్టి
కన్ను ఆనిస్తే
లేత ఊదా నేల మీద
సున్నా చుట్టబోయి మానేసినట్టు ఒంపులు.
ఒక్కోదాని ఒంటికీ వదులుగా తొడుగు,
అన్న చొక్కా వేసుకున్న తమ్ముడిలా.
ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను,
అందంగా లేవని అబద్ధమాడలేను.

నక్కా ఏసుపాదానికి మాత్రం ఏమీ కనబడలేదు.
నెలకోసారి చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల,
ఎడమ మడమ దగ్గర చెప్పు బిగుతు.
రెండు రాత్రులు తీశాం. రెండు పలకలూ ఖాళీ.
మరేదో అయ్యుంటుందిలే, అన్నారు డాక్టరుగారు.

మూడోసారి, సూది తీయబోతూ, ఊరికే అడిగాను:
మీరు పడుకునేదెప్పుడండీ?
"నాకు నిద్రెక్కడిదండి, రొయ్యల చెరువు కాపలా!
పదకొండేళ్లయింది.
తెల్లారి ఏరేటర్లు ఆపాకే నడుం వాల్చడం."

సూది మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట.
చెరువుగట్టు మీద టార్పాలిన్ పాక,
మొహం మీద తడితువ్వాలుతో ఏసుపాదం,
మేత బస్తాల వాసన, ఎండకి మెరిసే ఉప్పునీళ్లు.
నిద్ర చెదరకముందే వేలు పట్టుకున్నాను.

ఆ పలక మీద నలభైఒకటి లెక్కపెట్టాను.

అవి ఏనాడూ సూర్యుణ్ణి చూసినవి కావు.
వాటి గడియారం మన నిద్రే.
మనిషి వాలాడు గనక రాత్రయిందనుకుని
పట్టపగలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాయి,
బస్సు రూటు మారిపోయిన స్టాపులో.
దోమ రాదు.
తరం తర్వాత తరం అలా వచ్చి,
ఎదురుచూసి, వెనక్కి.
ఒక్క నిమిషం జాలేసింది.
పురుగు మీద జాలేమిటని
మాత్రలు లెక్కపెట్టడంలో పడ్డాను.
పన్నెండు రోజులు, అన్నం తిన్నాక,
కాలు రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోవాలి.

అంతా విని ఏసుపాదం
తువ్వాలు మడత పెడుతూ అన్నాడు:
"నా పగలు రాత్రేనంటే
ఇంట్లో ఒక్కరూ నమ్మలేదండి ఇన్నేళ్లూ.
పొయ్యి దగ్గర గిన్నెల మోత, పిల్లల అరుపులు,
చుట్టం వస్తే లేపడం.
ఇవొక్కటే నమ్మాయన్నమాట!"
నవ్వాడో లేదో, ఎండ కళ్లలో పడి తెలియలేదు.

అప్పట్నుంచి మా రిజిస్టరులో
వయసుకీ ఇంటినంబరుకీ మధ్య
పెన్సిలుతో ఒక గడి గీస్తున్నాను:
పడుకునే వేళ.
జిల్లా ఆఫీసు ఫారంలో అలాంటి గడి లేదు.
అడిగినప్పుడు చెబుతాను.